ఉసురు విడవను

వర్తూరు దగ్గరి ఆసుపత్రి, ఐసీయూ
9 జులై 2024

వదినగారికి కాత్యాయని నమస్కారాలు.

మేమిక్కడ క్షేమం అని మొదలుపెట్టడం అలవాటే గానీ, ఐసీయూ నుంచి ఆ మాట రాస్తే మీరే నవ్వుతారు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. న్యుమోనియా ముదిరి నన్నిక్కడ పడేసిన సంగతి మీకు తెలుసు. గొంతు కింద కన్నం పెట్టి గొట్టం వేశారు. ఆ గొట్టంలోంచి యంత్రం నాకు గాలి కొడుతోంది. గాలి పైదాకా రాదు కనుక మాట లేదు. పెదాలు కదిపితే ఎవరికీ అర్థం కాదు. ఫాతిమా అనే నర్సు దయతలచి అట్టకు కాగితాలు పెట్టి, పెన్సిలు చేతికిచ్చింది. అక్షరాలు వంకరపోతే సర్దుకోండి, పడుకునే రాస్తున్నాను.

కన్నకూతురు ఉండగా వియ్యపురాలికి రాయడమేమిటని మీకనిపించవచ్చు. నవ్యకు "దాహం" అని రాసి చూపించినా ఏడుస్తోంది. దాని కన్నీళ్లు చూస్తే నాకు గుండెదడ పెరుగుతుంది, యంత్రం కూస్తుంది, వెంటనే దాన్ని బయటికి పంపించేస్తారు. మీరు అలా కాదు. పెళ్లిలో వంటవాళ్లు సాంబారు గంగాళం ఒలకబోస్తే నేను తల పట్టుకుని కూర్చున్నాను. మీరు కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని మజ్జిగపులుసు పెట్టించారు. మీ బెంగళూరు తెలుగు ఎలా ఉన్నా మనిషి గట్టిదని అప్పుడే అనుకున్నాను.

ఇక్కడ పగలుకీ రాత్రికీ తేడా లేదు. నెత్తిమీద లైటు ఆరదు. నా కళ్లజోడు ఎవరు తీశారో, ఎక్కడ పెట్టారో తెలియదు. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, నేను ఏడో బెడ్‌ని. మొదట మత్తులో ఉన్నప్పుడు యంత్రం కూతలన్నీ కుందలహళ్ళిలో నేను నడిపే మెస్ కుక్కర్ విజిల్స్ అనుకున్నాను. పప్పు మాడిపోతోంది, స్టవ్ ఆపే దిక్కు లేదని లేవబోయాను. గొట్టం పీకేసుకుంటున్నానని భయపడి వీళ్లు నా చేతులు మంచానికి కట్టేశారు. కట్టేసిన చేతులతో, లేని పప్పు మాడు వాసన పీలుస్తూ, ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఇప్పుడు కట్లు లేవు. కుక్కర్ మాత్రం అప్పుడప్పుడూ కూస్తూనే ఉంది.

డాక్టరు నవ్యతో చెప్తుంటే విన్నాను. సొంతంగా ఊపిరి తీసుకోగలిగితే యంత్రం తీసేస్తారట. ఈ నెలలో అది జరక్కపోతే సర్జాపుర రోడ్డులో ఎక్కడికో పంపుతారట. యంత్రం మీదే బతికేవాళ్లను పెట్టుకునే చోటట అది. రోజూ పొద్దున యంత్రం తీసి చూస్తున్నారు, రోజూ నేను ఓడిపోతున్నాను. నేను మొండికేస్తున్నానని ఇక్కడందరి అభిప్రాయం. అది నిజం కాదు. ఆ పని చేయించడానికి వచ్చే మనిషంటే నాకు భయం. స్టాన్లీ అని పేరు, బట్టతల, గుబురు మీసం. ఎందుకు భయమో రాస్తే మతి పోయిందంటారు. కాబట్టి రాయను.

మోకాలి ఆపరేషన్ తర్వాత నడుస్తున్నారా? ఈ ఉత్తరం సంగతి నవ్యకు చెప్పకండి.

మీ వదిన
కాత్యాయని (ఏడో బెడ్)


కబ్బన్‌పేట
11 జులై 2024

మా వదినమ్మకు పార్వతమ్మ చేతులెత్తి చేసే నమస్కారం.

మొదట ఒక మాట. నేను చదివింది కన్నడ బడిలో. తెలుగు నోటికి వస్తుంది గానీ చేతికి రాదు. అందుకని తెలుగు మాటలే కన్నడ అక్షరాలతో రాస్తున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి కదా, కూడబలుక్కొని చదువుకోండి. మంచం మీద మీకూ పొద్దుపోతుంది.

నేను ఏడవనని రాసినారు. మీ ఉత్తరం మా అబ్బాయి వినయ్ తెచ్చి ఇచ్చినాక ఏడ్చినాను, మీకు చెప్పకూడదని అనుకొని కూడా చెప్పేస్తున్నాను. వాకర్ పట్టుకొని వంటింటి దాకా పోతాను. మెట్లు దిగనియ్యరు. దిగనిచ్చి ఉంటే ఈ ఉత్తరంతో పనే లేదు, నేనే వచ్చి మీ పక్కన కూర్చుందును.

మీ మెస్ గురించి దిగులు వద్దు. మా ఆయన గోపాలప్ప ప్రత్యేకంగా పోయి చూసి వచ్చినాడు. వంట మల్లయ్య బాగానే నడుపుతా ఉండాడంట. "పప్పు మాడలేదని చెప్పు ఆయమ్మకు. నేను రెండుతూర్లు పోయించుకొని తింటిని" అని మీతో చెప్పమన్నాడు. గోపాలప్ప ఒక చోట రెండోసారి పోయించుకున్నాడంటే ఎంత మర్యాదో మీకు తెలియదు. నా చేతి వంటకు ఇంతవరకూ ఆ మర్యాద దక్కలేదు.

మీ కళ్లజోడు వెతికించమని, మీ కంటికి ఎదురుగా ఒక గడియారం పెట్టించమని వినయ్‌కు చెప్పినాను. పొద్దు ఎంతయిందో తెలియకపోతే ఎంతటి మనిషికైనా మతి నిలవదు.

ఇంక ఆ స్టాన్లీ సంగతి. ఆయన మంగళూరు మనిషి, చాలా నిదానస్థుడు అని వినయ్ చెప్పినాడు. ఆయనను చూసి భయం ఎందుకు? ఆయన చెప్పినట్టు మీరు ఉసిరు బిడాల. మొండి పట్టుతో పట్టుకొని ఉంటే ఎవరికి లాభం? మీరు ఉసిరు బిడితే నవ్యకు నిమ్మళం, మా అందరికీ నిమ్మళం. దానికోసమే నేను దేవుని ముందర దీపం పెట్టుకున్నాను. అది అయిన పదకొండు దినాలకు నా కాలు కూడా సరిపోతుంది. నేనూ మా ఆయనా తప్పకుండా వస్తాము. హోళిగెలు, అదే మీ బొబ్బట్లు, చేయించి అందరికీ ఊట పెట్టిద్దాము.

ధైర్యంగా ఉండండి.

పార్వతమ్మ


ఐసీయూ
13 జులై 2024

పార్వతమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. తలకట్టు ఉండాల్సిన చోట అడ్డగీతలు చూసి ఏదైనా తప్పు చదివానేమోనని మళ్లీ మొదటినుంచి చదివాను. తప్పేమీ లేదు. కళ్లజోడు దొరికింది, గోడకు గడియారం వచ్చింది. అందుకు మాత్రం మీ మేలు మరిచిపోను.

ఇక దాచడానికేమీ లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ స్టాన్లీ రోజూ వచ్చి యంత్రం తీసేసి, నా మొహం మీదికి వంగి "ఉసిరు బిడి, ఉసిరు బిడి" అంటాడు. చాలా నిదానంగా, పసిపిల్లను బుజ్జగిస్తున్నట్టు. ఉసురు విడిచెయ్యమని ఒక మనిషి మరో మనిషికి అంత మెత్తగా చెప్పగా నేనెక్కడా వినలేదు. ఇన్నాళ్లూ అది నా మత్తులో పుట్టిన మాటే అనుకున్నాను, కుక్కర్ విజిల్ లాగా. ఇప్పుడు అదే మాట మీ చేతిరాతలో చూశాను. మేము ఉసురు అనేదాన్ని మీరు ఉసిరు అంటారు. మేము ఉంది అంటే మీరు ఉండాది అనరూ, అలాగే. అంటే నా మతి చెడలేదు. ఒకందుకు అదీ మంచిదే.

నేను పోతే నవ్యకు నిమ్మళమని రాశారు. అది మీతో ఆ మాట అన్నదా? అన్నా నాకు కోపం లేదు, దాచకుండా రాయండి. రోజూ ఆ అద్దాల తలుపు బయట నిలబడి నిలబడి అదీ అలసిపోయి ఉంటుంది. పదకొండు దినాలకు వస్తామన్నారు, భోజనాలు పెట్టిస్తామన్నారు. మీ ముందుచూపుకు దండం పెట్టాలి. వంటకాలు ఏమిటో మల్లయ్యకు ఇప్పుడే చెప్పి ఉంచండి. గోంగూర లేకుండా మాత్రం ఎవరికీ విస్తరి వెయ్యకండి.

కానీ ఒక్క మాట వినండి. నేను విడవను. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా పళ్లు బిగించి, పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా ఊపిరి బిగబట్టుకుని పడుకుంటున్నాను. కళ్లు చీకట్లు కమ్మినా వదలను. యంత్రం కూస్తుంది, గబగబా మళ్లీ తగిలిస్తారు, ఆ పూటకు నేను గెలిచినట్టు. రేపూ అదే చేస్తాను. సర్జాపుర పంపితే అక్కడా అదే చేస్తాను.

నాకు బతకాలని ఉందండీ. ఎవరికి బరువైనా సరే, నాకు బతకాలని ఉంది.

కాత్యాయని


కబ్బన్‌పేట
14 జులై 2024

వదినమ్మా,

నమస్కారాలు తరువాత. ముందు ఇది చదవండి. ఉసిరు అంటే ఊపిరి. కన్నడంలో ఊపిరిని ఉసిరు అంటారు. ఉసిరు బిడి అంటే ఊపిరి వదలండి అని. అంతే, అంతకు మించి ఒక్క అక్షరం లేదు. ఆయన మిమ్మల్ని చావమనలేదు. శ్వాస బయటికి వదలమన్నాడు. నేనూ అదే రాసినాను.

దినం అంటే మాకు రోజు. మీ వైపు దినాలు అంటే కర్మ అని నవ్య చెప్తే నేను గోడకు తల ఆనించి కూర్చున్నాను. అవును, నవ్యకు చెప్పినాను, మీరు వద్దన్న మాట దాటినాను. మీ ఉత్తరం చదివినాక ఇంకెవరిని అడగాలో తెలియలేదు. మొదట నాకూ కోపమే వచ్చింది. దీపం పెట్టి మొక్కుకుంటే ఈమె నన్ను ఇంత మాట అంటుందా అనుకున్నాను. ఉత్తరం మా ఆయన ముందర పడేసి నా రాతలో తప్పేముందో మీరే చెప్పండని అడిగినాను. ఆయన నన్ను నేను రాసిందంతా నోటితో అప్పజెప్పమన్నాడు. చెప్పినాను. ఉసిరు దగ్గర నవ్వినాడు. దినాల దగ్గర నవ్వు ఆపేసినాడు. ఊట దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడినాడు.

"ఈ ఉత్తరం చదివినాక కూడా ఆయమ్మ బతికుండాది అంటే ఆయమ్మ గుండె మామూలు గుండె కాదు. ఇంగ ఆ న్యుమోనియా ఏం చేస్తుంది లే" అన్నాడు.

వదినమ్మా, ఒకటి చెప్తాను. మా వినయ్‌కు చిన్నప్పుడు ఉబ్బసం ఉండింది. గొంతులో పిల్లి కూర్చున్నట్టు ఈల వేసేది. వాడు భయపడి ఊపిరి లోపలికే లాగుతా ఉండేవాడు, బయటికి వదిలేవాడు కాదు. మా పేట డాక్టరు నాకు నేర్పించింది ఒకటే, వీపు నిమురుతా ఉసిరు బిడు అని చెప్పమని. వాన పడిన ప్రతిసారీ ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకొని "ఉసిరు బిడు నాయనా, ఉసిరు బిడు" అంటా ఉండేదాన్ని. ఆ మాటతోనే వాన్ని బతికించుకున్నాను. ఇప్పుడు వాడు మీ అల్లుడు. నా దగ్గర అంతకంటే మంచి మాట లేక అదే మీకు రాసినాను.

మిమ్మల్ని ఆసుపత్రిలో చేర్చింది వినయ్. వాడు కన్నడంలో మాట్లాడేది చూసి, అత్తగారికీ కన్నడం వచ్చని వాళ్లు అనుకున్నారంట. కుందలహళ్ళిలో ఇన్నేళ్లుండి ఒక్క కన్నడ ముక్క నేర్చుకోని మనిషి ఉంటుందని వాళ్లకేం తెలుసు?

ఇంక నవ్య. అద్దాల తలుపు బయట అది ఏం చేస్తుందో తెలుసునా? లోపల మీరు ఊపిరి బిగబట్టితే బయట అదీ బిగబడుతుందంట. మీరు వదిలితే వదలాలని. మొన్న అట్లే కళ్లు తిరిగి కూలబడితే వినయ్ పట్టుకున్నాడు. నిమ్మళం అని నేను రాసింది దాని గురించే. మీరు వదిలితేనే దానికీ ఊపిరి ఆడుతుంది.

రేపు పొద్దున ఆయన వచ్చి ఆ మాట అంటాడు. ఒక్కసారి, నా మాట మీద, వదలండి. పోతే నన్ను అడగండి.

పార్వతమ్మ


ఐసీయూ
18 జులై 2024

వదినగారికి నమస్కారాలు.

పోతే నన్ను అడగండి అని రాశారు. పోయాక ఎలా అడగాలో కూడా రాసి ఉంటే బాగుండేది.

నిజం చెప్తాను, మీ ఉత్తరం మొదట నమ్మలేదు. తెలివైన మనిషి, దొరికిపోయి కథ అల్లిందనుకున్నాను. ఇక్కడ పడుకుంటే బుద్ధి అలా పని చేస్తుంది. మందు వేసినా విషమేమో అనిపిస్తుంది, ఇద్దరు గుసగుసలాడితే నా గురించే అనిపిస్తుంది. అందుకని ఫాతిమాను పరీక్షించాను. నా ముక్కు చూపించి, గట్టిగా గాలి పీల్చే నటన చేసి, ఇదేమిటని చేత్తో అడిగాను. "ఉసిరు" అంది. ఇంకో బెడ్ దగ్గరున్న నర్సును కూడా అలాగే అడిగాను. ఆవిడా అదే అంది. ఇద్దరూ కలిసి కుట్ర చేసినా ఇంత తొందరగా చెయ్యలేరనిపించింది.

అన్నట్టు ఈ ఫాతిమా మీద కూడా నాకు లోపల చాలా రోజులుగా మంట ఉంది. వ్యాయామం చేయిస్తూ నేను అలిసి ఆగినప్పుడల్లా "సాకా?" అంటుంది. ప్రాణం పోతుంటే సాకులు చెప్తున్నానంటుందా అని ఉడికిపోయేదాన్ని. సాకా అంటే చాలా అని అడగడమట. ఎంత మర్యాదగల పిల్ల! దానికి నేను మనసులో పెట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఇక అసలు సంగతి. వినయ్ వెళ్లి స్టాన్లీకి అంతా చెప్పాడట. పాపం ఆయన మొహం చిన్నబోయిందట. తెలుగులో ఏమనాలో నేర్పమని అడిగితే మీ అబ్బాయి "ఊపిరి వదలండి" అని నేర్పాడు. మర్నాడు స్టాన్లీ వచ్చాడు, యంత్రం తీశాడు. నేను అలవాటుగా పళ్లు బిగించాను. తెలిసినా ఒళ్లు వినదు కదా. ఆయన వంగి, మీసం సవరించుకుని, పరీక్షలో పద్యం అప్పజెప్పే కుర్రాడిలాగా కళ్లు మూసుకుని అన్నాడు.

"అమ్మా, ఊపిరి వద్దండి."

వదలండి కాదు, వద్దండి. బతిమాలుతున్నాడు కూడా. ఊపిరి వద్దండి, అమ్మా, ఊపిరి వద్దండి.

నాకు నవ్వొచ్చింది వదినగారూ. ఇన్ని రోజుల్లో మొదటిసారి. శబ్దం లేదు, గొట్టంలోంచి గాలి మాత్రం ఉఫ్ ఉఫ్‌మని పోతోంది. నవ్వుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి తరం? దానంతట అదే పోయింది, దానంతట అదే లోపలికి వచ్చింది, మళ్లీ పోయింది. తను ఏం తప్పు మాట్లాడాడో ఆయనకు తెలియదు గానీ మానిటర్ చూసి "హాగే, హాగే" అంటూ చేతులు ఊపాడు. అలాగే, అలాగే అని. అది మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. తలుపు వైపు చూస్తే నవ్య అద్దానికి మొహం ఆనించి ఉంది. అద్దం మీద దాని ఊపిరి ఆవిరిగా పట్టి ఉంది. అది వదిలిన ఊపిరి కంటితో చూశాను.

భయం ఒక్కసారిగా పోలేదు. ఇప్పటికీ ఆయన అడుగుల చప్పుడు వింటే దుప్పటి అంచు పట్టుకుంటాను. కుక్కర్ కూడా కూసింది నిన్న. కానీ గడియారం చూసుకుని, ఇది మెస్‌లో పప్పు పెట్టే వేళ కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కాసేపటికి ఆగింది.

నిన్న ఒక పూటంతా యంత్రం లేకుండా ఉన్నాను.

మీ వదిన
కాత్యాయని

ఫాతిమా మంచానికి నా పేరు రాసిన కాగితం అంటించింది. ఇక ఏడో బెడ్ అని సంతకం చెయ్యను.


కబ్బన్‌పేట
23 జులై 2024

వదినమ్మకు పార్వతమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆయన గట్టిగా చదివించుకున్నాడు, మళ్లీ చదివించుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో కాఫీ కావాలా అంటే "వద్దండి" అని మీసం సవరించుకుంటా ఉండాడు. ఆయనకు మీసమే లేదు.

రెండు దినాలుగా, తప్పు, రెండు రోజులుగా మీరు యంత్రం జోలికే పోలేదని వినయ్ ఫోన్ చేసినాడు. సర్జాపుర మాట డాక్టర్లు ఎత్తడం లేదంట. ఆ ఫోన్ పెట్టేసినాక నేను వాకర్ మరిచిపోయి దేవుని గది దాకా నడిచినాను. దీపం వెలిగించి తిరిగి చూస్తే వాకర్ హాల్లో ఉండాది. నడిచినందుకు సంతోషం, చూసినందుకు భయం. ఆ తలుపు పట్టుకొని అట్లే నిలబడి కేకలు పెట్టినాను.

మనిద్దరమూ ఒకటే జాతి. కాలు ఉండాదని నమ్మకపోతే నడవదు, ఊపిరి ఉండాదని నమ్మకపోతే ఆడదు.

గొట్టం తీసినాక మీకు మాట వస్తుంది. అప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాము, ఈ ఉత్తరాలు ఉండవు. దానికి కొంచెం దిగులుగా ఉండాది. ఫోన్లో అయితే నా తెలుగు విని మీరు నవ్వేది నాకు వినబడిపోతుంది.

పార్వతమ్మ


వార్డు, కిటికీ పక్క మంచం
3 ఆగస్టు 2024

వదినగారికి కాత్యాయని నమస్కారాలు.

ఫోను పక్కనే ఉంది. నవ్య నంబరు కలిపి ఇస్తానంటోంది. వద్దన్నాను. ఈ ఒక్కటీ రాశాకే మాట్లాడతాను.

గొట్టం తీసేశారు. కన్నం మీద ప్లాస్టరు ఉంది, దగ్గు వస్తే వేలితో నొక్కి పట్టుకోవాలి. ఈ కిటికీలోంచి వర్తూరు చెరువు ఒక మూల కనిపిస్తుంది. దాని మీద నురగ తేలుతుంటే ఊళ్లో అందరూ తిట్టుకుంటారు గానీ, నాకు నెలరోజుల తర్వాత కనిపించిన మొదటి ఆకాశం అందులోనే ఉంది కాబట్టి నేను తిట్టలేను.

పీడకలలు ఇంకా కొన్నాళ్లు వస్తాయని, ఐసీయూలో పడుకుని లేచినవాళ్లు చాలామందికి ఇది మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి వెళ్లాక కూడా వచ్చి మాట్లాడమంది. వెళ్తాను. మెస్‌లో కుక్కర్ మోగితే ఏమవుతుందో చూడాలి. మొదటి రోజు మల్లయ్యను పక్కన నిలబెట్టుకుంటాను.

గొట్టం తీసిన రోజు మాట వస్తుందో లేదో చూడాలని అందరూ చుట్టూ చేరారు. స్టాన్లీ, ఫాతిమా, నవ్య, వినయ్. ఏదైనా మాట్లాడమన్నారు. నవ్య తన పేరు పిలుస్తాననుకుంది, నాకు తెలుసు. నేనూ అదే పిలుద్దామనుకున్నాను. కానీ స్టాన్లీ మొహం చూస్తే ఇన్నాళ్లు ఆ మనిషిని యముడనుకుని బిగుసుకుపోయిన సంగతి గుర్తొచ్చి, నోట్లోంచి వేరే మాట వచ్చింది. బొంగురుగా, ఎవరిదో గొంతులా ఉంది.

"ఉసిరు బిట్టె" అన్నాను.

కన్నడం సరిగ్గానే ఉందని వినయ్ చెప్పాడు. ఊపిరి వదిలాను అని. స్టాన్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఊపిరి తీసుకోండి, ఊపిరి వదలండి, ఈ రెండూ కన్నడ అక్షరాల్లో రాసి ఉన్నాయి. మళ్లీ ఎవరైనా తెలుగువాళ్లు వస్తే తప్పు పలకకూడదట, సరిగా ఉందో లేదో చూడమన్నాడు. మీ ఉత్తరాలు కూడబలుక్కున్న పుణ్యాన చదవగలిగాను. వద్దండి కాదు, వదలండి అని మూడుసార్లు పలికించాను. మా నవ్య ఏడ్చింది. ఈసారి ఏ యంత్రమూ కూయలేదు, దాన్ని ఎవరూ బయటికి పంపలేదు, నా భుజం మీద తల పెట్టుకుని తనివితీరా ఏడ్చింది.

వచ్చే గురువారం ఇంటికి పంపుతున్నారు. గోపాలప్ప అన్నయ్యగారికి నమస్కారాలు చెప్పండి. మీ కాలు మెట్లు దిగేలోపు హోళిగెలకు పూర్ణం ఎలా చేస్తారో మల్లయ్యకు ఫోన్లో చెప్పండి, గోంగూర నేను చూసుకుంటాను. ఈసారి సంతకం కన్నడ అక్షరాల్లో పెడుతున్నాను, తప్పుంటే దిద్దండి.

మీరు చెప్పినట్టే ఉసిరు బిట్టాను వదినగారూ. మాటిచ్చినట్టే, నేను ఇల్లు చేరిన పదకొండో దినానికి మీరిద్దరూ తప్పకుండా రండి. వడ్డన నాదే.

మీ వదిన
కాత్యాయని